బుడగలు నిలిచే గ్లాసు

హోటల్ మేనేజ్‌మెంట్ చదువుకుని కొత్తగా ఉద్యోగంలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రాజమండ్రిలో ఒక హోటల్లో వడ్డించే స్టీవార్డుగా చేరి, విందులు చూసుకునే బాంకెట్ మేనేజరుగా రిటైరయ్యానని ఎవరో చెబితే విని వస్తారు. కాఫీ తాగి, కాసేపు మొహమాటపడి, చివరికి ఒకటే ప్రశ్న అడుగుతారు: "సార్, షాంపేన్‌కి ఏ గ్లాసు పెట్టాలండి? ఇంటర్వ్యూలో అడుగుతారంట."

జవాబు వాళ్ల పుస్తకంలోనే ఉంటుంది. పొడవాటి గ్లాసు బొమ్మ, దాని కింద పేరు. అది బట్టీ పడితే ఇంటర్వ్యూ గట్టెక్కుతుంది. ఉద్యోగం గట్టెక్కాలంటే మాత్రం ఆ గ్లాసు ఎవరి చేతిలోకి వెళ్తోందో, వాళ్లు ఎక్కడ కూర్చున్నారో, ఎందుకొచ్చారో తెలియాలి. అది బొమ్మలో ఉండదు. నాకు ఏ ప్రమోషన్ ఎలా వచ్చిందో, ఏ ఇన్‌స్పెక్షన్‌లో ఏం జరిగిందో ఇక్కడ రాయను. అవి ఎవరికీ పనికిరావు. ఈ గ్లాసు గొడవ మాత్రం చెబుతాను. నా ఉద్యోగం మొత్తంలో నేను నేర్చుకున్నదాంట్లో సగం అందులోనే ఉంది.

ఒక మాట ముందే చెప్పాలి. బుడగలతో పొంగే వైన్లన్నీ షాంపేన్ కావు. ఫ్రాన్స్‌లో ఒక ప్రాంతంలో చేసినదానికే ఆ పేరు. కానీ గోదావరి జిల్లాల్లో కార్కు 'టప్' మన్న ప్రతి సీసా షాంపేనే. నేనూ అలాగే అంటాను.

రాజుగారి సాసర్లు

మాది ధవళేశ్వరం. చదువు డిగ్రీతో ఆగింది. రోజూ బస్సెక్కి రాజమండ్రి వెళ్లి, గోదావరి గట్టుకి దగ్గర్లో కొత్తగా కట్టిన హోటల్లో పనిచేసేవాణ్ణి. హోటల్ యజమాని సూర్యనారాయణరాజుగారిది భీమవరం వైపు. తాతల నాటి వరి చేలు, తర్వాత రొయ్యల చెరువులు. రొయ్య బాగా పలికిన రోజుల్లో ఆ ఊపులోనే హోటల్ కట్టారు. మనిషి దొడ్డవాడు, గొంతు ఇంకా దొడ్డది. లాబీలో మాట్లాడితే వంటింట్లో వినపడేది.

హోటల్ మొదలుపెట్టేటప్పుడు ఆయన స్వయంగా బొంబాయి వెళ్లి గ్లాసులు కొనుక్కొచ్చారు. సన్నటి కాడ మీద వెడల్పాటి, లోతులేని గిన్నెలాంటి గ్లాసులు. ఆ రోజుల్లో సినిమాల్లో ఒకదాని మీద ఒకటి గోపురంలా పేర్చి పైనుంచి పోసేవాళ్లే, అవి. మేం వాటిని సాసర్లు అనేవాళ్లం. రాజుగారికి వాటిమీద ప్రాణం. పెళ్లి రిసెప్షన్లలో గోపురం పేర్పించి, పక్కన నిలబడి, వచ్చినవాళ్ల మొహాలు చూసి మురిసిపోయేవారు.

గోపురం చూడ్డానికి బాగానే ఉండేది. తాగేవాళ్ల సంగతి వేరు. మూతి వెడల్పు కాబట్టి బుడగలన్నీ నాలుగు మాటలాడేలోపే గాల్లో కలిసిపోయేవి. ఏసీ లేని పందిట్లో అయితే వైన్ గోరువెచ్చనయ్యేది. "ఏంటండీ ఇది, పులిసిన ద్రాక్షరసంలా ఉంది" అని ఒక పెళ్లికొడుకు మేనమామగారు నా ట్రేలోనే తిరిగి పెట్టేశారు.

ఎస్తేరు గారు వచ్చారు

అప్పుడు మా హోటల్‌కి రెస్టారెంట్, బార్ రెండూ చూసుకునే మేనేజరుగా ఎస్తేరు గారు వచ్చారు. విశాఖపట్నం ఆవిడ. కాటన్ చీర, మడమ ఎత్తులేని చెప్పులు, చేతిలో ఎప్పుడూ ఒక తెల్ల గుడ్డ. ఆడమనిషి బార్ చూసుకోవడమేంటని గొణిగినవాళ్లు వారం తిరక్కుండా ఆవిడ ముందు చేతులు కట్టుకున్నారు.

ఆవిడ మాకు నేర్పిన మొదటి పాఠం: "గ్లాసుని కంటితో చూసేముందు ముక్కుతో చూడండి." మా వంటిల్లు రొయ్యలు, చేపలు, గుడ్ల వంటిల్లు. గ్లాసుకి నీచు వాసన అంటుకుంటే కడిగినా ఒక పట్టాన వదలదు. బోర్లించి అలమరలో పెడితే అలమర వాసన కూడా లోపల బందీ అయిపోతుంది. ఇక గోదావరికి వరదొచ్చే నెలల్లో కుళాయి నీళ్లు ఎర్రగా వచ్చేవి. ఆరాక గ్లాసు మీద సన్నటి పొర మిగిలేది. ఎస్తేరు గారు ఆ నెలల్లో నీళ్లు కాచి వడగట్టించి, చివర నిమ్మచెక్క పిండిన వేడినీళ్లలో ముంచించేవారు. సబ్బు పొర మిగిలిన గ్లాసులో బుడగ పుట్టదని ఆవిడ చెప్పేదాకా మాకెవరికీ తెలియదు.

సాసర్లు చూసి ఆవిడ రాజుగారితో సూటిగా అన్నారు.

"ఇవి బొమ్మల కొలువుకి బాగుంటాయండి. తాగడానికి పనికిరావు."

"అదేంటమ్మా, రాజులు తాగే గ్లాసులవి."

"రాజులు ఎత్తగానే తాగేసేవాళ్లేమోనండి. మన అతిథులు మాట్లాడుకుంటూ తాగుతారు. ఫ్లూట్లు తెప్పించండి."

"ఫ్లూటంటే పిల్లనగ్రోవి కదా! నోట్లో పెట్టుకుని ఊదాలా?"

మేం నవ్వాపుకోలేకపోయాం. ఆవిడ నవ్వలేదు. మర్నాడు విశాఖనుంచి తన సొంత ఫ్లూట్ గ్లాసు ఒకటి తెప్పించుకున్నారు. పొడుగ్గా, సన్నగా, నిజంగానే పిల్లనగ్రోవికి కాడ అతికించినట్టుండేది. రాజుగారిని కూర్చోబెట్టి, ఒకే సీసాలోది రెండు గ్లాసుల్లోనూ పోసి, "ఇప్పుడు మీ రొయ్యల కబుర్లు చెప్పండి" అన్నారు. ఆయన చెప్పారు. ఆయన రొయ్యల గురించి మొదలుపెడితే తొందరగా ఆగరు. కబుర్లయ్యాక చూస్తే సాసర్లో వైన్ చప్పబడి చెరువు నీళ్లలా నిలిచిపోయింది. ఫ్లూట్‌లో బుడగలు ఇంకా అడుగునుంచి దారంలా పైకి లేస్తూనే ఉన్నాయి.

రాజుగారు ఓడిపోయారు గానీ ఒప్పుకోలేదు. ఫ్లూట్ ఎత్తి తాగబోయి, "చూశావా, ముక్కు తగులుతోంది" అన్నారు. ఆయన ముక్కు పెద్దదే. అయినా ఫ్లూట్లు తెప్పించారు. పైకి పోట్లాడినా లోపల నిజాన్ని గౌరవించే యజమాని దొరకడం అదృష్టం. నాకు దొరికారు.

అంతలోనే రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చింది. బార్‌కి తాళం పడింది. ఫ్లూట్లు పెట్టెల్లోకి వెళ్లాయి. సాసర్లకి మాత్రం దశ తిరిగింది. ఎస్తేరు గారు వాటిలో ఫ్రూట్ సలాడ్ మీద ఐస్‌క్రీమ్ వేయించి పెట్టించారు. పిల్లలతో వచ్చే కుటుంబాలు దానికోసమే వచ్చేవి. "చెప్పానా, నా గ్లాసులే నిలబెట్టాయి హోటల్ని" అని రాజుగారు అందరితో చెప్పుకున్నారు. ఆవిడ ఒక్కసారి కూడా కాదనలేదు.

లాంచీ మీద విందు

నిషేధం ఎత్తేసిన తర్వాత సంగతి. ఆలోపు డెల్టా అంతా రొయ్యలకి తెల్లమచ్చ తెగులు తగిలింది. రాత్రి బాగున్న చెరువులో తెల్లారేసరికి రొయ్యలు చచ్చి తేలేవి. రాజుగారి చెరువులు చాలా వరకు పోయాయి. హోటల్ అమ్మేస్తారన్న మాట వంటింటిదాకా వచ్చింది. మాలో కొందరు వేరే ఊళ్లలో పని వెతుక్కోవడం మొదలుపెట్టారు.

ఆ సమయంలో ఇటలీ నుంచి ఒక కొనుగోలుదారు వస్తున్నాడని తెలిసింది. మధ్యలో దళారీ లేకుండా నేరుగా రొయ్యలు కొంటాడట. ఆ ఒప్పందం కుదిరితే రాజుగారు నిలదొక్కుకుంటారు. మా ఉద్యోగాలూ నిలుస్తాయి. ఆయన పేరు మార్కో. అరవై దాటిన మనిషి, మితభాషి. భార్య ఎలేనా కూడా వచ్చింది. ముందురోజు రాజుగారు చూపించిన చెరువులన్నీ తిరిగి చూశాడు గానీ ఒక్క మాటా అనలేదు. రాజుగారికి అదే బెంగ.

రెండోరోజు పగటిపూట లాంచీలో పాపికొండలకి ప్రయాణం, లాంచీ మీదే భోజనం ఏర్పాటు చేశారు. ఎస్తేరు గారు, నేను, ఇద్దరు వంటవాళ్లు వెళ్లాం. రాజుగారి తల్లి సుభద్రమ్మగారు కూడా వచ్చారు. ఇంటి పెద్దవాళ్లని చూడాలని ఎలేనాగారు అడిగారట. సుభద్రమ్మగారికి ఎనభై దగ్గరపడుతున్నా మాటలో పదును తగ్గలేదు. భర్త పోయాక వరి చేలల్లో మొదటి చెరువు తవ్వించింది ఆవిడే.

పట్టిసీమ దాటాక ఎస్తేరు గారు సైగ చేశారు. నేను ఫ్లూట్లు ట్రేలో పేర్చి తెచ్చి బల్లమీద పెట్టాను. సీసా ఇటలీదే, అతిథి ఊరికి మర్యాదగా. కార్కు తీశాను. సరిగ్గా అప్పుడే ఎదురుగా ఒక పెద్ద లాంచీ జోరుగా పక్కనుంచి వెళ్లింది. దాని అల మా లాంచీని ఒక పక్కకి ఒరగదోసింది. పొడుగు గ్లాసులు, సన్నటి అడుగులు. ఒకటి పడుతూ పక్కదాన్ని పడదోసింది. బల్లమీద గాజు పెంకులు. ఒక గ్లాసు దొర్లుకుంటూ వెళ్లి గోదారిలో పడింది.

రాజుగారి మొహం వెలిగింది. "చెప్పానా! పిల్లనగ్రోవులు పడవ మీద పనికిరావని!" అంటూ బెంచీ కింద దాచిన అట్టపెట్టె లాగారు. అందులో ఆయన సాసర్లు! మాకు తెలియకుండా జీపులో వేయించుకొచ్చారు. నేను పెంకులు ఏరుతుండగానే ఆయనే సీసా అందుకుని మార్కోగారికి ఒక సాసర్ నిండా పోసి చేతికిచ్చారు. లాంచీ ఇంకా ఊగుతూనే ఉంది. వైన్ ఒక్కసారి అటు, ఒక్కసారి ఇటు వెళ్లి, మూడోసారి మార్కోగారి తెల్ల ప్యాంటు మీదకి దూకింది.

రాజుగారు సీసాతో అలాగే నిలబడిపోయారు.

సుభద్రమ్మగారు ముందుగా నోరు తెరిచారు. "ఒరే సూరీ, సాంబారు పళ్లెంలో పోసి పడవెక్కిస్తే నిలుస్తుందట్రా?"

ఎస్తేరు గారు నావైపు తిరిగారు. గొంతులో తొణుకు లేదు. "వెంకట్రావుగారూ, ఆ జ్యూసు కోసం తెచ్చిన వైన్ గ్లాసులున్నాయి కదా, అవి తెండి."

నేను ఒక్కక్షణం ఆగాను. ఫ్లూట్ల కోసం యజమానితో పోట్లాడిన మనిషి ఈవిడేనా అనిపించింది. ఆవిడ "ఊఁ, కానివ్వండి" అన్నారు. అవి మామూలు వైన్ గ్లాసులు. కాడ పొట్టి, అడుగు వెడల్పు, కిందిభాగం గుండ్రంగా ఉండి మూతి దగ్గర కాస్త లోపలికి తిరిగి ఉంటాయి. పక్కనే రొయ్యలు వేగుతున్నాయి కాబట్టి నీచు పట్టకుండా ఉదయమే గుడ్డ చుట్టి విడిగా పెట్టాం. ఒక్కొక్కటి వాసన చూసి తీశాను. సగానికన్నా తక్కువ పోశాను. లాంచీ ఊగింది. వైన్ గుండ్రటి గోడ వెంట పైకెక్కి మళ్లీ బుద్ధిగా కిందికి దిగింది.

మార్కోగారు గ్లాసు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. చాలాసేపు అలాగే ఉన్నారు. వచ్చిన తర్వాత మొదటిసారి నవ్వారు. ఎస్తేరు గారితో ఇంగ్లీషులో ఏదో అన్నారు. ఆవిడ మాకు చెప్పారు: "వాళ్ల నాన్నగారింట్లో ఇలాంటి గ్లాసులోనే తాగేవారంటండి. పొడుగు గ్లాసులో వాసన తెలీదంట. వాసన లేకపోతే మా ద్రాక్షతోట నాకెలా కనపడుతుందీ అంటున్నారు."

"మరి ముందే చెప్పొచ్చుగా" అన్నారు రాజుగారు, నీరసంగా.

"అతిథులు చెప్పరండి. మనమే కనిపెట్టాలి" అన్నారు ఎస్తేరు గారు.

సుభద్రమ్మగారికి అలాంటి గ్లాసులోనే నిమ్మకాయ సోడా ఇచ్చాను. ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఎలేనాగారి గ్లాసుకి తాకించి, ఉన్నట్టుండి అన్నారు: "అమ్మా ఎస్తేరూ, ఆయనకి చెప్పు. మా చెరువులు సగానికి పైగా తెగులుకి పోయాయి. నిన్న వీడు చూపించినవి బాగున్నవి మాత్రమే."

రాజుగారు గబుక్కున లేచారు. "అమ్మా! ఎస్తేరుగారూ, అది చెప్పొద్దండి."

ఎస్తేరు గారు ఒకసారి రాజుగారి వైపు, ఒకసారి పెద్దావిడ వైపు చూశారు. జీతమిచ్చేది ఒకరు, అడుగుతున్నది ఇంకొకరు.

"చెప్పమ్మా. అబద్ధం మీద బేరం నిలబడదు" అన్నారు సుభద్రమ్మగారు.

రాజుగారు మెల్లగా కూర్చున్నారు. తలొంచుకుని, "చెప్పండి" అన్నారు.

ఎస్తేరు గారు ఉన్నదున్నట్టు చెప్పారు. మార్కోగారు గ్లాసు కింద పెట్టి విన్నారు. తర్వాత ఆయన అన్నది ఇది: ఎండిన చెరువులు నిన్న కారు అద్దంలోంచి చూశాను. ఎవరైనా చెబుతారేమోనని పొద్దుట్నుంచీ ఎదురుచూస్తున్నాను. చెప్పకపోతే రేపు వెళ్లిపోయేవాణ్ణి.

ఆ తర్వాత ఇద్దరు రైతులు మాట్లాడుకున్నట్టే మాట్లాడుకున్నారు. ఏ చెరువులో ఎంత పోయింది, విత్తనం ఎక్కడిది, నీళ్లెలా మారుస్తున్నారు. మార్కోగారి తోటకి కూడా ఒకప్పుడు తెగులొచ్చి తీగలన్నీ పీకేయాల్సి వచ్చిందట. భోజనంలో రొయ్యల వేపుడు రెండోసారి అడిగి వేయించుకున్నారు. పాపికొండలు వచ్చాయని లాంచీ నడిపే సరంగు కేకేసినా ఎవరూ తలెత్తి చూడలేదు.

ఒప్పందం కుదిరింది. మొదట చిన్న సరుకు, బాగుంటే పెద్దది. బాగానే ఉంది. హోటల్ అమ్మలేదు. నేను అక్కడే రిటైరయ్యాను.

నేను నమ్మేది

ఆ రోజు తర్వాత మా హోటల్లో మూడు రకాల గ్లాసులూ ఉండేవి. ఏది ఎప్పుడన్నది అతిథిని చూసి నిర్ణయించేవాళ్లం. నిలబడి గ్లాసులు తాకించుకుని ఫొటోలు దిగే రిసెప్షన్‌కి ఫ్లూట్. వైన్ తెలిసి, కూర్చుని, భోజనంతో తాగేవాళ్లకి గుండ్రటి గ్లాసు. ఐస్‌క్రీముకి సాసర్.

గ్లాసుని ఫ్రీజర్లో పెట్టకండి. లోపల మంచు పట్టి, పోయగానే నురగంతా పైకి పొంగుతుంది. చల్లగా ఉండాల్సింది సీసా. కొంచెం పోసి, నురగ దిగనిచ్చి, మళ్లీ పోయండి. కాడ పట్టుకుని అందించండి. గిన్నె పట్టుకుంటే మీ చేతి వేడి వైన్‌కి, మీ వేలిముద్రలు అతిథి కంటికి తగులుతాయి. ఇవన్నీ ఒక మధ్యాహ్నంలో నేర్చుకోవచ్చు.

ఎస్తేరు గారి దగ్గర నేను చూసింది మాత్రం అంత తేలిగ్గా రాదు. తాను పోట్లాడి గెలిచిన మాటని, అవసరం రాగానే నలుగురి ముందు పక్కన పెట్టేశారు. మొహం చిన్నబుచ్చుకోలేదు, సంజాయిషీ చెప్పలేదు. నేను చూసిన మేనేజర్లలో చాలామందికి పని తెలుసు. తెలిసినదాన్ని వదులుకోవడం తెలిసినవాళ్లు తక్కువ. అలాంటి పై అధికారి దొరికితే జీతం కాస్త తక్కువైనా ఆ చోటు వదలకండి.

మూర్తి దంపతులు

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. నేను రిటైరవడానికి కొద్దికాలం ముందు ఒక సాయంత్రం ధవళేశ్వరం నుంచి ఒక పెద్దాయన భార్యతో వచ్చారు. పేరు మూర్తిగారు, ఇరిగేషన్ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ఇద్దరూ మద్యం ముట్టనివాళ్లే. ఆయన నన్ను పక్కకి పిలిచారు.

"మా ఆవిడకి కంట్లో శుక్లం తీశారండి. నిన్ననే కట్టు, చుక్కలు అన్నీ అయిపోయాయి. ఇన్నేళ్లూ అంతా మసకే. ఏదైనా సన్నటిది, అందంగా ఉండేది చూపించాలని తీసుకొచ్చాను. మీ దగ్గర ఏముంటుందండి?"

నేను బాగా చల్లబెట్టిన తెల్లద్రాక్ష సోడా తీశాను. ఈసారి అనుమానం లేదు. ఆవిడ వాసన కోసం రాలేదు, రుచి కోసమూ రాలేదు. శుభ్రమైన ఫ్లూట్ ఒకటి దీపానికెత్తి చూసి, వెనక మడతపెట్టిన నల్ల నేప్‌కిన్ నిలబెట్టి, వాళ్ల ముందే మెల్లగా పోశాను.

ఆవిడ గ్లాసు ముట్టుకోలేదు. బల్లమీదకి వంగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

"ఏవండీ, వాన కింద నుంచి పైకి కురుస్తున్నట్టుందండీ. ఒక్కొక్క చుక్కా విడివిడిగా కనపడుతోంది. అదిగో, ఆ మూలనుంచి వచ్చేది ఎంత చిన్నదో చూడండి!"

మూర్తిగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. గ్లాసుకి దగ్గరగా వంగారు. ఇంకా దగ్గరగా వంగారు.

"ఏదే? నాకేం కనపడట్లేదు. ఖాళీ గ్లాసులా ఉంది."

ఆవిడ తలెత్తి భర్తని తేరిపార చూసింది. ఆ కొత్త కంటి చూపునుంచి తప్పించుకునే వీల్లేదు.

"కత్తికి భయపడొద్దని నాకు చెబుతూ ఇన్నాళ్లూ నా చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి తిప్పారు. మీ కంట్లోనూ శుక్లమే ఉన్నట్టుంది, రేపు పొద్దున్నే అదే డాక్టరు గారి దగ్గరికి పోదాం. మీ చెయ్యి నేను పట్టుకుంటాను."

మూర్తిగారు సాయం కోసం నా వైపు చూశారు. నేను ఆయన ముందు కూడా ఒక ఫ్లూట్ పెట్టి, ఖాళీగానే ఉంచి, "మీది ఆపరేషన్ అయ్యాక పోస్తానండి" అన్నాను.